మా అత్త చెయ్యీ, జోకరు చామంతీ

హోసూరులో ఒక ఫ్యాక్టరీలో నాది క్వాలిటీ చెకింగ్ పని. ఇంకొకరు చేసిన దాంట్లో తప్పు వెతకడమే నా ఉద్యోగం. పద్దెనిమిదేళ్లుగా జీతం తీసుకుని మరీ తప్పులు పట్టుకుంటున్నాను. పెట్టె మీద అంటించిన చీటీ కాస్త వంకరగా ఉన్నా నా కన్ను దాటి పోదు. అలాంటి నేను ఒక విత్తనాల పొట్లాన్ని వెనకవైపు చదవకుండా చింపి, మా మేనత్తను రెండు నెలల పాటు క్షోభ పెట్టాను. ఈ సంగతి ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియదు. తెలిస్తే నా వీపు మీదే రిజెక్ట్ చీటీ అంటిస్తారు.

మా ఊరు బేరిగై పక్కన. మాకు ఒకటిన్నర ఎకరం పూల తోట ఉంది. పేరుకు నాది, పెత్తనం అత్తది. ఆమె మా నాన్నకు అక్క. పెళ్లి చేసి ఊత్తంగరై వైపు పంపిస్తే, రెండేళ్లు కాపురం చేసి, ఆ ఇంట్లో మనుషులకంటే పెరట్లో చామంతులే మేలని తేల్చుకుని తిరిగి వచ్చేసింది. వచ్చేటప్పుడు చీర కొంగులో నాలుగు చామంతి పిలకలు చుట్టుకుని వచ్చింది. ఆ ఇంటినుంచి తాను ఎత్తుకొచ్చింది అవి మాత్రమేనని, ఇంకా ఎత్తుకు రావలసిందని ఇప్పటికీ అంటుంది. మా ఊళ్లో సగం చేలల్లో పూసే పసుపు చామంతి ఆ నాలుగు పిలకల సంతానమే. పిల్లలు లేరు పాపం అని ఎవరైనా జాలి పడబోతే ఆమె దగ్గర జవాబు తయారుగా ఉంటుంది.

"నా పిల్లోళ్లు ఊరంతా ఉండారు. ఒక్కరైనా అన్నం అడిగినారా?"

చామంతికి గింజ వేసే పని లేదు. పూత అయిపోయాక చెట్టును జానెడెత్తు ఉంచి కోసేస్తాం. ఎరువు వేసి నీళ్లు పెడితే మొదట్లోంచి పిలకలు లేస్తాయి. వానలు మొదలవగానే ఆ పిలకలు తీసి కొత్త మడిలో నాటుకుంటాం. చామంతి వేసేవాళ్లకు మొక్క చావడం అంటూ ఉండదు. కోస్తే మళ్లీ వస్తుంది, అంతే. ఇది మా వాళ్లకు ఎంత అలవాటంటే, కరెంటు స్తంభాన్ని కోసి మొదట్లో నీళ్లు పోయమన్నా పోస్తారు.

ఊళ్లో ఇంకో ఆనవాయితీ ఉంది. ఏ చేలోనైనా సరే తొలి పిలక మా అత్త చేత్తోనే నాటిస్తారు. ఈశాన్య మూల పసుపు కుంకుమ చల్లి, కొబ్బరికాయ కొట్టి, ఆమె చేతికి పిలక ఇస్తారు. ఆమె చేతి వాసి అలాంటిదని నమ్మకం. చీరె, రవిక గుడ్డ ఆమెకు అక్కర్లేదు. చల్లని కలర్ సోడా ఒకటి కావాలి, అదీ నారింజ రంగుది. ఆ సీజన్‌లో ఆమె నాలుక ఎప్పుడూ నారింజ రంగులోనే ఉంటుంది.

ఇక పొట్లం సంగతి. ఆ ఏడు ఎండాకాలం మా బోరు నీళ్లకు బదులు దగ్గు వదలడం మొదలుపెట్టింది. నేను ఫోనులో నీళ్లు తక్కువ తాగే పూలు ఏవా అని వెతుకుతుంటే, టోపీ పెట్టుకున్న ఒక తెల్లాయన నడుము లోతు పూలలో నడుస్తూ కనిపించాడు. అమెరికా గడ్డి మైదానాల్లో ఎవరూ విత్తకుండా, ఎవరూ నీళ్లు పెట్టకుండా దానంతటదే పూస్తుందట. పేరు గైలార్డియా. నీళ్లు పెట్టక్కర్లేదు అన్న మాట చెవిన పడగానే ఇంకేమీ వినకుండా ఆర్డరు పెట్టేశాను.

పొట్లం వచ్చింది. అత్త దాన్ని ఊపి చూసింది.

"గింజలా? చామంతికి గింజలేందిరా?"

అప్పటికి నేను చామంతి అనలేదు. పొట్లం మీది పటంలో పూవును చూసి ఆమే అనుకుంది. కాదని చెప్పి ఉండొచ్చు. కానీ కొత్త పంట అంటే సవాలక్ష ప్రశ్నలు వేస్తుంది, ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. అందుకని, "ఇది అమెరికా చామంతి అత్తా, ఆ దేశంలో గింజలతోనే మొదలు పెడతారు" అనేశాను. ఆ ఒక్క మాటే కొంప ముంచింది.

పూవు మాత్రం పూసింది చూడండి, తోట మొత్తానికి జాతర దిగినట్టు. నడిమధ్య ముదురు ఎరుపు, రేకు కొసలకు పసుపు, ఆ పసుపు కూడా పళ్లు పళ్లుగా చీలి ఉంటుంది. సర్కస్‌లో జోకరు మెడచుట్టూ కట్టుకునే గుడ్డ లాగా ఉందని మా ఆవిడ అంది. అంతే, ఊరంతా జోకరు చామంతి అనడం మొదలుపెట్టారు. హోసూరు మార్కెట్‌లో వ్యాపారి దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, "ఇది పూవా, ప్లాస్టిక్కా?" అన్నాడు. మా ఊరి పూజారి ఇంత ఆర్భాటం అమ్మవారికి పనికిరాదన్నాడు. అత్త ఊరుకుంటుందా?

"అమ్మవారు కట్టుకొన్న చీర చూసినావా అప్పా? దానికంటే ఇది జాస్తి కలరా?"

అయినా పూజారి పూలు తీసుకోలేదు. ఆయుధ పూజకు మాత్రం దండలు కట్టేవాళ్లు గంపలకొద్దీ పట్టుకెళ్లారు. లారీలకూ మిషన్లకూ ఆర్భాటం పనికొస్తుంది కదా. మా ఫ్యాక్టరీలో నేను రోజూ తిట్టుకునే మిషను మెడలో మా తోట పూల దండే పడింది. దానికి దండం పెట్టాల్సి వచ్చింది.

డిసెంబరులో ఒక పొద్దున అత్త పాలగిన్నె దించబోతే చేయి జారి గిన్నె కింద పడింది. గిన్నెను తిట్టబోయింది, మాట ముద్దగా వచ్చింది. హోసూరు ఆసుపత్రిలో వారం రోజులున్నాం. డాక్టరు చిన్న పక్షవాతమే, అదృష్టం అన్నాడు. మాట రెండు రోజులకే తిరిగి వచ్చింది. ఆమెకు అన్నిటికంటే ముందు అదే తిరిగి వస్తుందని మాకు తెలుసు. కుడి చేయి మాత్రం వెనకబడింది. వేళ్లు మూసుకుంటాయి కానీ పట్టు నిలవదు, వస్తువు మెల్లగా జారిపోతుంది. రోజుకు వందసార్లు నొక్కమని ఒక రబ్బరు బంతి ఇచ్చారు. ఆమె దాన్ని పదిసార్లు నొక్కి, తర్వాత కుక్క మీదికి విసిరేది. కుక్క తెచ్చి ఇచ్చేది. ఆ ఇద్దరిలో వ్యాయామం కుక్కకే ఎక్కువ అందింది.

ఆమె ఆసుపత్రిలో ఉండగానే మా ఆవిడ చామంతి మడులు కోసేసింది. జోకరు మడి మిగిలింది. ఇంటికి వచ్చిన పదో రోజున అత్త కొడవలి తీసుకుని ఆ మడిలోకి దిగింది. వద్దంటే విననే లేదు. ఎడమ చేత్తో కొడవలి, కుడి చేత్తో చెట్టు పట్టుకోవడం. ఒక్కో చెట్టుకూ ఒక యుగం పట్టింది. ఎండిన పూల గుత్తులతో నిండిన గంపను కుడి చంకన పెట్టుకుని, ఎరువు గుంత దాకా తానే మోసింది. గుంత మా పక్కచేను గట్టు దాటి, పశువుల కొట్టం వెనకాల ఉంటుంది. గంప జారుతుంది, ఎత్తుకుంటుంది, మళ్లీ జారుతుంది. దారంతా పూలు రాలుస్తూ పోతోందని మా ఆవిడ సాయం వెళ్లబోతే తిట్టి పంపింది. మధ్యలో గట్టు మీది రాయి పైన కూర్చుని ఊపిరి తీసుకుంది. అలా అయిదారు సార్లు తిరిగింది.

తర్వాత ఎరువు వేసింది. బోరు దగ్గే ఆ కొద్దిపాటి నీళ్లలోంచి వాటా తీసి ఆ మోళ్లకు పెట్టింది. ఇక ఎదురుచూడడం. అంచెట్టి బస్సు కోసం నిలబడ్డవాళ్లు కూడా అంత ఓపికగా ఎదురుచూడరు.

మా ఆవిడ కోసిన చామంతికి మూడు వారాలకే పిలకలు లేచాయి. అత్త కోసిన జోకరు మోళ్లు నల్లబడ్డాయి. ఆమె పొద్దున్నే వెళ్లి ఒక్కో మోడు దగ్గరా కూర్చుని, గోరుతో బెరడు గీకి చూసేది. పచ్చదనం కనిపించేది కాదు. వేపపిండి వేసింది. నీళ్లలో పేడ కలిపి పోసింది. ఎవరి దిష్టో తగిలిందని నిమ్మకాయ కోసింది. తిట్టింది కూడా. తిట్లకు లొంగని మొక్కను ఆమె అంతకుముందు చూడలేదు.

మార్చిలో ఒక మధ్యాహ్నం భోజనం బ్రేకులో నాకు అనుమానం వచ్చి ఫోనులో చూశాను. గైలార్డియాలో మేం వేసిన రకం ఒక్క ఏడాదే బతుకుతుందట. మొలిచి, పూసి, గింజ రాల్చి చచ్చిపోతుందట. కోసినా కోయకపోయినా, పాలు పోసినా తేనె పోసినా అంతే. ఇంటికి వచ్చి రేకు డబ్బాలోంచి పొట్లం తీసి తిప్పి చూశాను. వెనకాల చిన్న అక్షరాల్లో అదే రాసి ఉంది.

ఆ నిమిషమే వెళ్లి చెప్పాలి కదా. చెప్పలేదు. చెబితే ఆమె నన్ను నా తిథి భోజనాల దాకా ఎత్తిపొడుస్తుంది. తప్పులు పట్టే ఉద్యోగస్థుడు పొట్లం చదవలేకపోయాడని బేరిగై సంతలో చెబుతుంది. నాలుగు రోజులు పోతే తనే విసిగి పీకి పారేస్తుందిలే అనుకున్నాను. పొట్లాన్ని డబ్బా అడుగున పెట్టి, దాని మీద కరెంటు బిల్లులు పరిచాను.

ఆమె విసగలేదు. మాట్లాడడం తగ్గించింది. అప్పుడైనా నాకు బుద్ధి రావాల్సింది.

మే నెలలో పక్కచేను ఆయన వచ్చాడు. అతను అత్తను అక్కా అని పిలుస్తాడు. తొలి పిలక నాటడానికి ప్రతి ఏడూ మొదటి పిలుపు అతనిదే, ఏ రోజు రావాలో చెప్పి మజ్జిగ తాగి పోతాడు. ఆ రోజు అరుగు మీద కూర్చుని వాన గురించి, మామిడి గురించి, కృష్ణగిరిలో పెళ్లి గురించి మాట్లాడాడు. మాట్లాడుతూ రెండుసార్లు నల్లబడిన మోళ్ల వైపు చూశాడు. మజ్జిగ తాగి, లేచి, పంచె దులుపుకుని వెళ్లిపోయాడు. గేటు దగ్గర మాత్రం గొంతు తగ్గించి మా ఆవిడతో, "అక్కకు ఆరోగ్యం బాగలేదు కదమ్మా, ఈ తూరి కష్టపెట్టేది ఎందుకని మా చిన్నమ్మను పిలుస్తామనుకొన్నాము" అన్నాడు.

అత్తకు చెవులు బాగానే పనిచేస్తాయి. ఆ రోజంతా బంతి నొక్కలేదు. కుక్క వచ్చి ఎదురుగా కూర్చుని చూసి చూసి పోయింది.

దానికి నేను కనిపెట్టిన మందు వినండి. మర్నాడు కంపెనీ బస్సుకు ముందే లేచి, మా ఆవిడ మడిలోంచి ఆరు చామంతి పిలకలు పీకి, జోకరు మోళ్ల మొదట్లో గుచ్చాను. పైన మట్టి సర్ది, నీళ్లు చిలకరించాను. పిలకలు వచ్చాయని సంతోషపడుతుంది, ఊరికి తెలుస్తుంది, పక్కచేను ఆయన పరిగెత్తుకొస్తాడు, పొట్లం సంగతి బయటపడదు. యాభై ఏళ్లుగా చామంతితో బతికిన మనిషికి చామంతి చూపించి మోసం చేద్దామనుకున్నాను. తాతకు దగ్గులు నేర్పడం అంటే ఇదే.

సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి ఆమె అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్లో ఆరు పిలకలు వరసగా పెట్టుకుని ఉంది.

"రారా నాయనా. పండగ చేసుకొందాము. నీ అమెరికా దొరసానికి బేరిగై బిడ్డలు పుట్టినారు."

ఆమె ఒక ఆకు నలిపి నా ముక్కు దగ్గర పెట్టింది. "వాసన చూడు. ఇది నేను ఊత్తంగరై నుంచి కొంగులో తెచ్చిన వాసన. దీన్ని నాకే చూపిస్తావా? వేరు పైకి, మొన కిందికి పెట్టి ఒకటి నాటినావు చూడు, దానికైనా సిగ్గు లేకపోయిందా?"

మా ఆవిడ లోపల నవ్వు ఆపుకోలేక గిన్నెలు చప్పుడు చేసింది. నాకు ఇంకో దారి లేకపోయింది. డబ్బా తెరిచి, కరెంటు బిల్లుల అడుగునుంచి పొట్లం తెచ్చి, వెనకవైపు చదివి వినిపించాను. ఒక్క ఏడే బతుకుతుంది అత్తా, పిలక వేయదు, ఎవరు కోసినా అంతే అన్నాను.

తిడుతుందని తల వంచుకుని నిలబడ్డాను. తిట్టలేదు.

"నీకు ఎప్పటినుంచి తెలుసురా?"

"రెండు నెలలయింది."

కొంగు కింద దాచుకున్న కుడి చేయి బయటికి తీసింది. తిప్పి చూసుకుంది, ఇంతకు ముందెప్పుడూ చూడనట్టు.

"అట్లయితే నా చెయ్యి కాదా?"

ఆమె మళ్లీ అంది. "ఈ రెండు నెలలూ నా చెయ్యి చచ్చిపోయిందనుకొన్నానురా. నీ పెండ్లాము కోసింది లేస్తా ఉండాది, నేను కోసింది లేయలేదు. ఇంక నేనేమిటికి ఈడ అనుకొన్నాను."

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె ఎత్తిపొడుపులకు భయపడి నేను దాచింది ఒక పొట్లం అనుకున్నాను. ఆమె ప్రతి ఉదయం గోరుతో గీకి చూసింది ఆ మోళ్లను కాదని, తన చేతినే పరీక్ష చేసుకుందని నాకు అప్పుడు అర్థమైంది. తప్పయింది అత్తా అన్నాను. చాలా చిన్న మాట, అయినా అదే అన్నాను.

ఆమె పక్కనున్న రబ్బరు బంతి తీసి నా మీదికి విసిరింది. కుడి చేత్తోనే. సూటిగా వచ్చి నుదుటికి తగిలింది. ఆసుపత్రివాళ్లు చూసి ఉంటే మురిసిపోయేవారు.

కానీ ఊరు? పొట్లం వెనక రాసింది ఊరికి చదివి వినిపించి లాభం లేదు. అమెరికా పూవు మీద నెట్టేసి ముసలామె తప్పించుకుంటోందంటారు. అత్త కూడా చెప్పవద్దంది. పిలవనివాళ్లను బతిమాలి పిలిపించుకోవడానికి తానేమీ ఎన్నికల్లో నిలబడలేదంది. మోళ్లన్నీ పీకించేసింది.

జూన్‌లో వానలు పడ్డాయి. రెండు వారాలకు పక్కచేను ఆయన మళ్లీ వచ్చాడు, ఈసారి కోపంగా.

"అక్కా, మా గట్టు మీద ఎవరో ఏందో చల్లినారు. వచ్చి చూడు."

అందరం వెళ్లాం. మా జోకరు మడి మూలనుంచి మొదలై, అతని గట్టు వెంబడి, కొట్టం పక్కగా, ఎరువు గుంత దాకా లేత మొలకలు. బారుగా కాదు, ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా, తాగినవాడు నడిచినట్టు వంకర టింకరగా పోయాయి. గట్టు మీది రాయి చుట్టూ అయితే నేల కనిపించకుండా లేచాయి. ఆకుల మీద సన్నటి నూగు. నేను క్వాలిటీ చెకింగ్ మనిషిని, అవి జోకరు మొలకలని గుర్తుపట్టడానికి ఒక్క క్షణం పట్టింది. అత్తకు అది కూడా పట్టలేదు. రాయి వైపు చూసింది, గంప మోసిన చంక వైపు చూసుకుంది.

"ఎవరూ చల్లలేదప్పా. ఈ చెయ్యి పట్టుకోమంటే పట్టుకోలేదు. యాడ విడిచిందో ఆడంతా మొలిచింది."

అతను మొలకలు చూశాడు, ఆమె చేతిని చూశాడు, మళ్లీ మొలకలు చూశాడు. కోపం ఎటు పోయిందో తెలియదు. కొంచెం సేపు చెవి గోక్కుని, "శుక్రవారం బాగుందంట అక్కా. నాటడానికి" అన్నాడు.

"మీ చిన్నమ్మ?"

"ఆమెకు మోకాలు నొప్పంట." ఆ నొప్పి అప్పుడే, ఆ గట్టు మీదే పుట్టింది.

"కలర్ సోడా ఉండాదా?"

శుక్రవారం నేను సగం రోజు సెలవు పెట్టాను. ఈశాన్య మూల పసుపు కుంకుమ చల్లారు, కాయ కొట్టారు. తాడు కట్టి, వరుస గీసి పెట్టారు. అత్త పిలకను కుడి చేత్తోనే అందుకుంది. గీసిన చోటికి వంగబోయింది. వేళ్ల మధ్యనుంచి పిలక జారి అవతల పడింది. పక్కచేను ఆయన దాన్ని తీసి ఇవ్వడానికి వంగాడు.

"తాకొద్దు" అంది అత్త. "ఆడే."

నడుము పట్టుకుని రెండడుగులు నడిచి, పడిన చోటే కూర్చుని, అక్కడే వేలితో గుంత చేసి నాటింది. మట్టి సర్దడానికి చాలాసేపు పట్టింది. అందరం ఎండలో నిలబడి చూశాం. తర్వాత లేచి సోడా అడిగింది.

వాళ్లు తాడు విప్పి, ఆ పిలకకు సరిపోయేలా మళ్లీ కట్టుకున్నారు. ఆ చేలో మొదటి వరుస ఇప్పటికీ రెండడుగులు వంకరగానే ఉంది.